వాడియాసారస్‌ను సరీసృపం అని రాయవచ్చునా? గోదావరి లోయ శిలాజాల గురించి ఒక సందేహం

పలకబలపం (దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాదు) అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. ఫిబ్రవరి 28న, జాతీయ విజ్ఞాన దినోత్సవం సందర్భంగా, మా కాలనీ గ్రంథాలయంలో పిల్లల కోసం ఒక చిన్న ప్రదర్శన ఏర్పాటు చేస్తున్నాము. తెలంగాణ నేలలో శిలాజాలుగా దొరికిన జీవుల పటాలు ఒక చిత్రకారుడు గీస్తున్నారు. ఒక్కొక్క పటం కింద నాలుగైదు వాక్యాల తెలుగు వివరణ రాసే పని నాకు అప్పగించారు. కోటసారస్ అనే డైనోసార్ గురించి రాయడం కష్టం కాలేదు. నౌబత్ పహాడ్ మీద బిర్లా విజ్ఞాన కేంద్రంలో దాని అస్థిపంజరాన్ని మా పిల్లల్లో చాలామంది చూసే ఉన్నారు. చిక్కు వచ్చింది వాడియాసారస్ దగ్గర.

నేను రాసుకున్న వాక్యాలు ఇవి: “వాడియాసారస్ ఇండికస్ సుమారు 24 కోట్ల సంవత్సరాల క్రితం పూర్వపు ఆదిలాబాద్ జిల్లా ప్రాంతంలో జీవించిన క్షీరదసదృశ సరీసృపం. ఇది మన పూర్వీకులలో ఒకటి. ఇది గుంపులుగా తిరుగుతూ మొక్కలను తినేది.”

నా సందేహాలు రెండు. ‘క్షీరదసదృశ సరీసృపం’ అన్న మాట నేను చదివిన పాత పుస్తకాలన్నిటిలోనూ ఉంది కాని, ఆ మాటను ఇప్పుడు శాస్త్రజ్ఞులు వాడడం లేదని తెలిసినవారొకరు చెప్పారు. అది సరీసృపమే కాకపోతే, బల్లి అని అర్థమిచ్చే ‘సారస్’ దాని పేరులో ఎందుకు ఉన్నది? రెండవది, ఎముకలను చూసి ఒక జంతువు గుంపుగా తిరిగేదని ఎలా చెప్పగలిగారు? నేను స్వయంగా సమర్థించుకోలేని మాటను పిల్లల కళ్ళ ముందు పెద్ద అక్షరాలతో రాసి పెట్టడానికి నాకు మనసు ఒప్పడం లేదు. తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

రాతిపొర (తార్నాక) జవాబు:

పలకబలపం గారికి, మీకు చెప్పినవారి మాట నిజమే. నేను భూగర్భశాస్త్రం బోధించిన రోజుల్లో చాలాకాలం ‘క్షీరదసదృశ సరీసృపాలు’ అనే చెప్పాను. ఆ మాటను వదులుకోవలసి రావడానికి కారణం వంశక్రమం.

నీటికి దూరంగా, పొడి నేల మీద గుడ్లు పెట్టగలిగిన తొలి జంతువుల సంతతి సుమారు 31, 32 కోట్ల సంవత్సరాల క్రితం రెండు శాఖలుగా చీలింది. ఒక శాఖలో కాలక్రమాన తాబేళ్ళు, బల్లులు, పాములు, మొసళ్ళు, డైనోసార్లు, చివరకు పక్షులు వచ్చాయి. రెండవ శాఖ పేరు సినాప్సిడ్లు. ఈనాటి ఆవు, గబ్బిలం, తిమింగలం, మనిషి అన్నీ ఆ రెండవ శాఖ చిగుళ్ళే. వాడియాసారస్ ఈ రెండవ శాఖకు చెందినది. అంటే అది సరీసృపంగా మొదలై క్షీరదంగా మారుతూ మధ్యలో నిలిచిపోయిన జంతువు కాదు. దాని తాతముత్తాతలు సరీసృపాల శాఖలో ఏనాడూ లేరు. పైకి చూస్తే బల్లినో మొసలినో తలపించే రూపం తొలి సినాప్సిడ్లకు ఉండడం వల్ల 19వ శతాబ్దపు పండితులు వాటిని సరీసృపాలలో చేర్చారు, ఆ అలవాటు వందేళ్ళకు పైగా కొనసాగింది.

పేరులోని ‘సారస్’ కూడా ఆ అలవాటు ఫలితమే. 1970లో తపన్ రాయ్‌చౌధురి గారు ఈ జంతువును వర్ణించి, భారత భూగర్భశాస్త్రంలో ఎంతో గౌరవం పొందిన డి.ఎన్. వాడియా గారి పేరు దానికి పెట్టారు. శాస్త్రీయ నామాన్ని ఒకసారి నియమబద్ధంగా ప్రకటించిన తరువాత, దాని అర్థం సరిపోలేదన్న కారణంతో మార్చరు. కనుక పేరును అలాగే ఉంచి, వివరణను మాత్రం మార్చండి.

ఇక ఈ రెండు శాఖలనూ పుర్రెలో ఎలా గుర్తుపడతారన్న విషయం మీ పిల్లలకు చేసి చూపించవచ్చు. రెండు చేతుల వేళ్ళనూ కణతల మీద ఆనించి, పళ్ళు గట్టిగా బిగించి వదలమనండి. వేళ్ళ కింద ఒక కండరం ఉబికి తగ్గుతుంది. అది కింది దవడను పైకి లాగే కండరం, చెంప ఎముక వంపు లోపలి సందులో నుండి దిగి దవడకు అతుక్కుంటుంది. సినాప్సిడ్ల పుర్రెలో ఆ కండరానికి చోటిచ్చే రంధ్రం కంటి వెనుక ఒక్కొక్క పక్క ఒక్కొక్కటి ఉంటుంది. మొసళ్ళు, డైనోసార్ల శాఖలో ఒక్కొక్క పక్క రెండేసి రంధ్రాలు ఉంటాయి. మీ కణత దగ్గరి ఆ సందు, మంచిర్యాల ఎర్రమట్టిలో దొరికిన పుర్రెలోని ఆ రంధ్రం ఒకే వారసత్వం. తరగతి గదిలో ఈ మాట చెప్పిన ప్రతిసారీ పిల్లలందరూ కణతలు పట్టుకుని పళ్ళు నూరుతూ కూర్చునేవారు, ఆ దృశ్యం నాకు ఈనాటికీ ఎంతో ఇష్టం.

మీరు అడగకపోయినా ఒక సవరణ తప్పనిసరిగా చెప్పాలి. ‘మన పూర్వీకులలో ఒకటి’ అన్నది తప్పు. వాడియాసారస్ డైసినోడాంట్ అనే తెగకు చెందినది. ఆ మాటకు రెండు కోరలు గలది అని అర్థం. దక్షిణాఫ్రికాలో దొరికిన శిలాజాలను చూసి ఆంగ్ల శాస్త్రజ్ఞుడు రిచర్డ్ ఓవెన్ 1845లో పెట్టిన డైసినోడాన్ అనే పేరు నుండి అది వచ్చింది. వీటి నోటిలో పళ్ళు చాలావరకు పోయి, వాటి స్థానంలో తాబేలుకు ఉన్నటువంటి కొమ్ము ముక్కు ఏర్పడింది. ఈ తెగ ట్రయాసిక్ యుగాంతానికల్లా, అంటే సుమారు 20 కోట్ల సంవత్సరాల క్రితానికి, అంతరించింది, దానికి వారసులు లేరు. మన వంశం సైనోడాంట్లు అనే పొరుగు తెగ నుండి వచ్చింది.

బెల్లంపల్లి వాసి (ప్రస్తుతం కూకట్‌పల్లి) జవాబు:

నేను శాస్త్రజ్ఞుడను కాను, కాని ఆ నేల మీద పుట్టి పెరిగినవాడిని. మా నాన్నగారు బొగ్గు గనిలో పనిచేశారు. మా ఇంట్లో ఉన్న చిన్న బొగ్గు పెచ్చు మీద ఆకు ముద్ర ఒకటి ఉండేది. అది ఏ మొక్కదో చాలా ఏళ్ళ తరువాత తెలుసుకున్నాను కనుక, ఈ విషయం గురించి చదవగలిగినంత చదువుతూ వస్తున్నాను.

హైదరాబాదు వారికి ముందుగా చెప్పవలసిన సంగతి ఏమిటంటే, మన ఊరి కొండరాళ్ళలో ఎంత వెతికినా ఇటువంటి శిలాజం దొరకదు. ఇక్కడి గ్రానైటు సుమారు 250 కోట్ల సంవత్సరాల నాడు భూమి లోపల కరిగిన శిలాద్రవం చల్లారి గట్టిపడగా ఏర్పడినది. దానిలో ఎముకకు తావు లేదు. ఉత్తరంగా గోదావరి వైపు సాగితే రాయి స్వభావమే మారిపోతుంది. ప్రాణహిత, గోదావరి నదుల వెంట భూమి పొడవునా కుంగి ఏర్పడిన పల్లంలో కోట్ల సంవత్సరాల పాటు నదులు ఇసుకను, ఒండ్రును తెచ్చి పోశాయి. ఆ పొరలనే గోండ్వానా శిలలు అంటారు. గోండుల నేల పేరు మీద వచ్చిన ఆ మాటనే ఆస్ట్రియా భూగర్భశాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ స్యూస్ 1885లో దక్షిణ ఖండాలన్నీ కలిసి ఉన్న మహాభూభాగానికి ఉపయోగించాడు.

ఈ పొరలకు పెట్టిన పేర్లన్నీ మా ఊళ్ళ పేర్లే. అడుగున బొగ్గు పొరలు. వాటికి పైన పర్మియన్ యుగాంతానికి చెందిన కుందారం పొర ఉంది. అక్కడ శిలాజాలు దొరికిన సంగతిని టి.ఎస్. కుట్టి గారు 1972లో ప్రకటించారు. అక్కడి డైసినోడాంట్లలో ఒకదానికి సంఘమిత్ర రే గారు 2000లో ఎండోథియోడాన్ మహలనోబిసి అని పేరు పెట్టారు. దాని బంధువులు ఆఫ్రికాలోనూ, బ్రెజిల్‌లోనూ దొరికాయి. ఈత కొట్టి సముద్రాలు దాటలేని జంతువు మూడు ఖండాలలో దొరికిందంటే ఆ ఖండాలు అప్పుడు ఒకే నేలగా ఉండేవన్న మాట.

కుందారం పొరకు, మీ వాడియాసారస్ దొరికిన ఎర్రపల్లి పొరకు నడుమ, సుమారు 25 కోట్ల 20 లక్షల సంవత్సరాల క్రితం, భూమి చరిత్రలోకెల్లా పెద్దదైన జీవవినాశనం జరిగింది. డైసినోడాంట్లలో అధికభాగం అప్పుడే పోయాయి. మిగిలిన కొద్దిపాటి వంశాలలో ఒకటి లిస్ట్రోసారస్. అది మన దేశంలో దామోదర్ లోయలోని పంచేత్ పొరల్లో దొరికింది, దక్షిణాఫ్రికాలోనూ చైనాలోనూ దొరికింది, 1969లో అంటార్కిటికాలో కూడా ఎడ్విన్ కోల్బర్ట్ బృందానికి దొరికి ఖండచలన సిద్ధాంతానికి గట్టి సాక్ష్యమైంది. వినాశనం తరువాత మళ్ళీ పెరిగి పెద్దవైన డైసినోడాంట్ల కాలానికి చెందినది వాడియాసారస్. దానితో పాటు అదే ఎర్రపల్లి పొరలో దొరికిన ఇంకొక డైసినోడాంట్ రేచినిసారస్. రేచిని రోడ్డు స్టేషను మీదుగా రైలు ప్రయాణం చేసిన మన వాళ్ళలో ఎంతమందికి ఆ పేరు ప్రపంచ గ్రంథాలలో ఉన్నదని తెలుసు?

మరొక చిన్న విషయం, మీ ప్రదర్శనకు పనికి రావచ్చు. ఈ శాకాహారులను వేటాడగలిగినంత పెద్ద మాంసాహారి ఒకటి అదే పొరలో దొరికింది. దానికి 2021లో ‘భారీతలసూకస్ తపనీ’ అని నామకరణం చేశారు. అది నిజంగా మన తెలుగు ‘భారీ తల’యే, మొసలి అన్న అర్థాన్నిచ్చే గ్రీకు మాట చివర చేరింది. ‘తపనీ’ అన్నది రాతిపొర గారు పైన చెప్పిన తపన్ రాయ్‌చౌధురి గారి గౌరవార్థం. అది మాత్రం సరీసృపాల శాఖకు చెందినదే కనుక, రెండు పటాలనూ పక్కపక్కన పెడితే మీ మొదటి ప్రశ్నకు జవాబు పిల్లలకు సులభంగా అందుతుంది.

సూక్ష్మదర్శిని (నాగోలు) జవాబు:

గుంపు సంగతి నేను చెబుతాను. ఎముకలను పలుచని బిళ్ళలుగా కోసి సూక్ష్మదర్శిని కింద చూడడం నా వృత్తిలో భాగం కనుక, కొంచెం విస్తారంగా రాస్తే మన్నించండి.

ఒక చోట చాలా ఎముకలు దొరికినంత మాత్రాన అది గుంపు అని ఎవరూ అనరు. వరద అన్ని రకాల కళేబరాలనూ ఈడ్చుకొచ్చి నది మలుపులో కుప్ప వేయగలదు. అటువంటి కుప్పలో రకరకాల జంతువులు కలిసి ఉంటాయి, దొర్లి దొర్లి ఎముకల అంచులు అరిగిపోతాయి, చుట్టూ ముతక ఇసుక, గులకరాళ్ళు ఉంటాయి. అలా కాక ఒకే జాతికి చెందిన, వేర్వేరు వయసుల జంతువుల ఎముకలు, పెద్దగా అరుగుదల లేకుండా, మెత్తని బురదరాయిలో ఒకే చోట దొరికితే, అవి దగ్గర దగ్గరగా బతికి, దాదాపు ఒకే కాలంలో చనిపోయాయని భావించడానికి ఆధారం దొరుకుతుంది. ఎర్రపల్లి దగ్గర వాడియాసారస్ ఎముకలు ఒకే చోట పలు జంతువులవి కలిసి దొరికాయి. వాటిలో ఆడవి, పూర్తిగా ఎదగనివి ఎక్కువగా ఉన్నాయని, కనుక ఆడవీ పిల్లలూ కలిసి మందగా తిరిగేవని, ఎదిగిన మగవి విడిగా ఉండేవని పరిశోధకులు వ్యాఖ్యానించారు. ఈనాటి ఏనుగుల మందలను తలచుకుంటే ఆ చిత్రం మనకు వెంటనే నచ్చుతుంది. నచ్చుతుంది కనుకనే జాగ్రత్త పడాలి. కరువు కాలంలో మిగిలిన ఒకే ఒక నీటి మడుగు చుట్టూ, మామూలుగా విడివిడిగా తిరిగే జంతువులు కూడా చేరి చనిపోతాయి. ఎర్రపల్లి బురదరాళ్ళు వానలూ ఎండలూ వంతులవారీగా వచ్చే నదీమైదానంలో ఏర్పడినవి కనుక ఆ అవకాశాన్ని పూర్తిగా తోసిపుచ్చలేము.

అయితే మంద వాదానికి బలం చేకూర్చే సాక్ష్యం మరొక చోట నుండి వచ్చింది. అర్జెంటీనాలోని చన్యారెస్ పొరల్లో ఒకే చోట గుట్టలుగా పేరుకున్న వేల కొద్దీ శిలాజ పేడకడీలను 2013లో వర్ణించారు. అవి పెద్ద డైసినోడాంట్లవని, అవి పదే పదే ఒకే చోటికి వచ్చి మలవిసర్జన చేసేవని నిర్ణయించారు. ఈనాడు అలా చేసేవి ఎక్కువగా కలిసి బతికే క్షీరదాలే. ఒక ఖండంలో ఎముకలు సూచించినదాన్ని మరొక ఖండంలో పేడ సమర్థించడం ఎంతో విలువైన సంగతి అని నేను భావిస్తాను.

ఎముక లోపలి కథ ఇంకా ముచ్చటైనది. జంతువు వేగంగా పెరుగుతున్నప్పుడు ఎముక తొందరతొందరగా, నారలు అడ్డదిడ్డంగా అల్లుకుని, రక్తనాళాలకు బోలెడన్ని సందులు వదిలి ఏర్పడుతుంది. నెమ్మదిగా పెరిగేటప్పుడు నారలు ఒకే వరుసలో సర్దుకుంటాయి, సందులు తగ్గుతాయి. పెరుగుదల ఆగినప్పుడు, చెట్టు మానులోని వలయం వంటి గీత పడుతుంది. సంఘమిత్ర రే, శాశ్వతి బంద్యోపాధ్యాయ గార్లు వాడియాసారస్ ఎముకలను ఇలా కోసి చూసినప్పుడు, పిల్లదశలో అది చాలా వేగంగా పెరిగేదని, వయసు వచ్చిన కొద్దీ ఆ వేగం తగ్గేదని తేలింది. సాధారణంగా బల్లులు, తాబేళ్ళ వంటివి అంత వేగంగా పెరగవు. వేగంగా పెరగాలంటే తిండి బాగా కావాలి, దాన్ని శక్తిగా మార్చే దేహవ్యవస్థ కూడా చురుకుగా ఉండాలి.

కోరల సంగతి కూడా ఒక మాట. వాడియాసారస్‌వి కాదు గాని, దాని కంటే ముందరి లిస్ట్రోసారస్ కోరలను మేగన్ విట్నీ, క్రిస్టియన్ సైడోర్ పరిశీలించి 2020లో ఒక విషయం బయటపెట్టారు. ఏనుగు దంతం లాగే ఆ కోరలు జీవితాంతం పెరుగుతాయి కనుక, దినచర్య రాసుకున్నట్లు పొరపొరగా జంతువు జీవితం అందులో నమోదవుతుంది. అంటార్కిటికా ప్రాంతంలో బతికిన వాటి కోరల్లో, దేహం పనిని బాగా తగ్గించుకుని మళ్ళీ మొదలుపెట్టినట్లు దట్టమైన గీతలు కనిపించాయి. దక్షిణాఫ్రికా వాటిలో అలా కనిపించలేదు. ధ్రువప్రాంతపు దీర్ఘమైన చీకటి నెలలను అవి ఒక రకమైన నిద్రావస్థలో గడిపి ఉండవచ్చునని వారి భావన.

పలకబలపం:

మీ ముగ్గురికీ ఎంతో కృతజ్ఞురాలిని. కణత ప్రయోగం నిన్ననే మా ఇంట్లో పిల్లల చేత చేయించాను. ఇక నుండి ఆ పటం ముందు నిలబడిన ప్రతి పిల్లవాడి చేతా చేయించాలనుకుంటున్నాను.

మీరు చెప్పినవన్నీ చదివాక వివరణను ఇలా మార్చాను: “వాడియాసారస్ ఇండికస్ సుమారు 24 కోట్ల సంవత్సరాల క్రితం పూర్వపు ఆదిలాబాద్ జిల్లా ప్రాంతంలో జీవించిన సినాప్సిడ్. పేరులో సారస్ అని ఉన్నా ఇది బల్లి కాదు, డైనోసారూ కాదు. ఇది మన పూర్వీకులకు దాయాది. కొమ్ము ముక్కుతో మొక్కలను కొరికి తినేది. దీని ఎముకలు దొరికిన తీరును బట్టి ఇది గుంపులుగా తిరిగి ఉండవచ్చు. పిల్లగా ఉన్నప్పుడు ఇది చాలా వేగంగా పెరిగేదని దీని ఎముకల లోపలి అల్లిక చెబుతున్నది.”

‘దాయాది’ అన్న మాట సరిపోతుందా? ఇంకొక చిక్కు కూడా వచ్చింది. చిత్రకారుడు దీనిని పొట్ట నేలకు ఆనించి పాకుతున్నట్లు, ఒంటి నిండా మొసలి పొలుసులతో ఎంతో శ్రద్ధగా గీశారు. దాన్ని మార్చమని అడగవలసి ఉంటుందా? అలాగే, మన సొంత వంశమని మీరు చెప్పిన సైనోడాంట్లు కూడా ఆ లోయలో దొరికాయా? దొరికితే ఇంకొక పటం గీయిస్తాను.

రాతిపొర:

‘దాయాది’ చాలా చక్కగా సరిపోయింది. ఒకే మూలపురుషుడి నుండి వచ్చి, వేరుపడి, తన వంశాన్ని తాను నడుపుకున్నవారిని మనం దాయాదులంటాము. డైసినోడాంట్లకూ సైనోడాంట్లకూ ఉన్న సంబంధం అచ్చంగా అదే. ఈ ఒక్క మాట కోసం నేను నా పాఠాలలో పది వాక్యాలు ఖర్చు పెట్టేవాడిని.

సైనోడాంట్లు దొరికాయి. ఎర్రపల్లికి పైన ఉన్న మలేరి పొరలో ఎక్సెరెటోడాన్ అనే శాకాహార సైనోడాంట్ దొరికింది. 1982లో శంకర్ ఛటర్జీ గారు దానికి ‘స్టాటిస్టికే’ అనే జాతినామం పెట్టారు. గోదావరి లోయ శిలాజాలపై దశాబ్దాల పాటు కృషి చేసిన కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థ పేరు మీద వచ్చిన నామం అది. ముందు కొరికే పళ్ళు, పక్కన కోర, వెనుక నమిలే పళ్ళు అన్న విభజన సైనోడాంట్లలో స్పష్టంగా కనిపిస్తుంది. ఈ ఎక్సెరెటోడాన్ వెనుక పళ్ళు ఒకదానిలో ఒకటి కూర్చుని తిరగలి లాగా మొక్కలను నలిపేవి. నోటికీ ముక్కుకూ నడుమ గట్టి అంగిలి ఉండడం వల్ల నములుతూనే శ్వాస తీసుకోగలగడం కూడా ఈ వంశానికి దక్కిన వరం.

ఈ వంశంలో జరిగిన అన్నిటికంటే ఆశ్చర్యకరమైన మార్పును మీ కొత్త పటం పక్కన తప్పక రాయండి. తొలి సినాప్సిడ్ల కింది దవడలో చాలా ఎముకలు ఉండేవి. తరతరానికీ పళ్ళున్న ఎముక ఒక్కటే పెద్దదవుతూ, వెనుకనున్న ఎముకలు చిన్నవై, దవడ కీలు పని నుండి తప్పుకుని, చివరకు చెవి లోపలికి చేరాయి. మన మధ్యచెవిలో కూటకం, దాగలి అని పాఠ్యపుస్తకాలు చెప్పే రెండు చిన్న ఎముకలు ఒకప్పటి దవడ కీలు ఎముకలే. మలేరికి పైన ఉన్న జురాసిక్ కాలపు కోట పొరలో నిజమైన తొలి క్షీరదాల పళ్ళు కూడా దొరికాయి. వాటిలో ఒకటైన కోటథీరియం హాల్డేనై జీవశాస్త్రజ్ఞుడు జె.బి.ఎస్. హాల్డేన్ పేరు మీద వచ్చింది. కొద్ది మిల్లీమీటర్ల ఆ పళ్ళ కోసం బండ్ల కొద్దీ మట్టిని నీళ్ళలో కడిగి జల్లెడ పట్టి, మిగిలిన ఇసుకను రేణువు రేణువుగా వెతకవలసి ఉంటుంది. కుందారం, ఎర్రపల్లి, మలేరి, కోట. ఒకే లోయలో ఒకదాని మీద ఒకటిగా పేరుకున్న ఈ నాలుగు పొరల్లో దాయాదులూ, మన వంశపు దగ్గరి చుట్టాలూ, చివరకు క్షీరదాలూ వరుసగా కనిపిస్తాయి.

చిత్రం సంగతి. పొలుసులను తీసివేయమని చిత్రకారుడిని తప్పక అడగండి. వాడియాసారస్ చర్మం దొరకలేదు కాని, దక్షిణాఫ్రికాలో చర్మపు ముద్రతో సహా ఎండిపోయి శిలాజమైన లిస్ట్రోసారస్‌లను 2022లో వర్ణించారు. ఆ చర్మం గరుకుగా, గుంటలు గుంటలుగా, వెంట్రుకలు లేకుండా ఉంది. కనుక గేదె తోలు వంటి మందపాటి చర్మం గీస్తే ఆధారానికి దగ్గరగా ఉంటుంది. పొట్టను నేల మీద నుండి పైకి లేపండి. ముందు కాళ్ళను మోచేతుల దగ్గర కొంచెం పక్కలకు తెరిచి, వెనుక కాళ్ళను ఒంటి కిందికి నిటారుగా తీసుకురమ్మనండి. డైసినోడాంట్ల భుజం, తుంటి కీళ్ళ నిర్మాణం ఆ భంగిమనే సూచిస్తున్నది.

బెల్లంపల్లి వాసి:

ఒక చిన్న విన్నపం. ప్రదర్శన చూసిన ఉత్సాహంతో ఎవరైనా ఆ ప్రాంతానికి వెళ్ళి, వాగు గట్టున ఎముక వంటిది కనిపిస్తే, దాన్ని తవ్వి ఇంటికి తెచ్చుకోవద్దని పటం చివర ఒక వాక్యం చేర్చండి. సూక్ష్మదర్శిని గారు చెప్పినట్లు, ఆ ఎముక ఏ మట్టిలో, ఏ వైపు తిరిగి, ఏ ఎముక పక్కన ఉన్నదన్న సమాచారమంతా దాన్ని పెకలించిన క్షణంలోనే పోతుంది. ఉన్నచోటనే ఉంచి ఫోటో తీసి, స్థలం గుర్తు పెట్టుకుని, బండ్లగూడలోని భారత భూవిజ్ఞాన సర్వేక్షణ కార్యాలయానికి తెలియజేయవచ్చు. మా చిన్నతనంలో ఈ మాట చెప్పేవారు లేక, ఆ ఆకు ముద్ర ఉన్న బొగ్గు పెచ్చు ఏ గని ఏ పొరలోనిదో మా ఇంట్లో ఎవరూ రాసి పెట్టలేదు.

పలకబలపం:

తప్పకుండా చేరుస్తాను. చిత్రకారుడితో ఇప్పుడే మాట్లాడాను. పొలుసులు చెరిపి, వెనుక కాళ్ళు మళ్ళీ గీసి ఆదివారానికి ఇస్తానన్నారు. ఎక్సెరెటోడాన్ పటానికి పళ్ళు స్పష్టంగా కనిపించేలా నోరు తెరిపించమని కూడా చెప్పాను.